రాజుగారి ఆఖరి పద్యం

భీమేశ్వరరావు గారికి కిరీటమంటే అంత ప్రాణమని ముందే తెలిసి ఉంటే, నా నాటకంలో రాజును బోడి తలతో రాసేదాన్ని. రిహార్సల్స్‌కి కూడా కిరీటం పెట్టుకునే వచ్చేవారు. బుదైయాలో ఆయన విల్లా వెనక పచ్చిక మీద, చొక్కా ప్యాంటు మీద, అట్టకి బంగారు కాగితం అంటించిన ఆ కిరీటంతో పచార్లు చేస్తుంటే పనిమనిషి కూడా నవ్వు ఆపుకోలేక లోపలికి పోయేది.

నేను ఇక్కడ, ఈ గల్ఫ్ దేశంలో, ఒక స్కూల్లో పెద్ద క్లాసులకి ఇంగ్లిషు చెబుతాను. గ్రీకు విషాద నాటకాల పాఠం ఏటా వస్తుంది. ఏటా ఎవడో ఒకడు లేచి, "మిస్, విధి ముందే రాసిపెట్టి ఉంటే రాజు తప్పేముంది?" అని అడుగుతాడు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. దైవవాణి ఏం జరగబోతోందో చెబుతుందంతే నాయనా, అక్కడిదాకా నడిచి వెళ్లేది రాజుగారి కాళ్లే, దారి పొడుగునా మనుషులు అడ్డం పడి వద్దంటూనే ఉంటారు, ఆయన వినడు, అదే నాటకం అంటాను. పిల్లలు తల ఊపి, పరీక్షలో మళ్లీ "అంతా విధి" అనే రాస్తారు.

మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఏటా అవే పౌరాణికాలు. ఆ విసుగుతోనే ఈసారి గ్రీకు పద్ధతిలో ఒక నాటకం నేను రాస్తానన్నాను. సంఘానికి అధ్యక్షులు భీమేశ్వరరావు గారు. అస్కర్‌లోని ఫ్యాక్టరీ పనులకి మనుషుల్ని సప్లై చేసే కంపెనీ ఆయనది. తెనాలి వైపు మనిషి, కాలేజీ రోజుల నుంచీ పద్యాలు పాడిన గొంతు. కథ వినకుండానే రాజు వేషం నాది అన్నారు.

కథ చిన్నదే. ఒక ద్వీపానికి రాజు. నీ ఇంట్లోకి సముద్రం వస్తుందని దైవవాణి చెబుతుంది. రాజు రేవు చుట్టూ పెద్ద గోడ కట్టిస్తాడు. గోడ బీటలిచ్చిందని రేవు కాపరి వచ్చి చెబితే నవ్వి పంపేస్తాడు. చివరికి ఆ గోడే కూలి, దాని మీద నిలబడిన కొడుకుతో సహా సముద్రంలో పడుతుంది. నేను వచనంలో రాస్తే, పద్యం లేకపోతే రాజెట్లా అవుతాడమ్మా అని పేచీ పెట్టారు. సరేనని ఆఖరి మాటల్ని ఆటవెలదిలోకి తెచ్చాను.

గోడ కట్టి నేను, గోడ బీటల జూపి
చెప్ప రాగ నవ్వి, చెవులు మూసి,
కన్నకొడుకు దెచ్చి కడలికిచ్చితి నేనె
విధిని తిట్టనేల? వేటు నాదె.

అది చదివి ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఇదమ్మా పద్యమంటే" అని ఫోను తీసి అప్పటికప్పుడు భార్యకి పాడి వినిపించారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ తర్వాత ఆయన గుర్తుపెట్టుకోలేదు.

గ్రీకు నాటకంలో పక్కన నిలబడి జరిగేదాన్ని చెప్పుకుంటూ పాడే ఒక గుంపు ఉంటుంది. మన వంతపాట వాళ్ల లాగే. దానికి ఆయనే తన కూలీలు ఉండే క్యాంపు నుంచి మనుషుల్ని పంపారు. అందరూ జగిత్యాల చుట్టుపక్కల వాళ్లు, పరంజాలు కట్టే పని. వాళ్లకి పెద్ద లచ్చన్న, ఊళ్లో భజనలు నడిపిన మనిషి. పద్యంలో ఆఖరి పాదం రాజు పాడగానే వీళ్లు అందుకుని వంత పాడాలి. శుక్రవారం శుక్రవారం కంపెనీ బస్సులో వచ్చేవారు. డ్రైవరు మహబూబ్ పాషా, ఆయనదీ జగిత్యాలే. ముందు సీట్లో ఎప్పుడూ ఆ గుంపులోని పరమేశ్ ఉండేవాడు. అతనికి శ్రుతి కుదిరేది కాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. నేను కసిరితే, "మేడమ్, నేను గోడ కూలినప్పుడు పెద్దగ మొత్తుకుంట, పాట ఆళ్లు వాడుతరు" అనేవాడు. నవ్వక తప్పేది కాదు.

రిహార్సల్స్ సగంలో ఉండగా ఆ ప్రమాదం జరిగింది. పొద్దున్నే డ్యూటీకి వెళుతున్న బస్సు మామీర్ మలుపు దగ్గర ఆగకుండా ముందున్న ట్రెయిలర్‌ని గుద్దుకుంది. బస్సు కుడివైపు ముక్కు నుజ్జయింది, ఇక్కడ డ్రైవరు సీటు ఎడమవైపు. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. ముందు సీట్లో ఉన్న పరమేశ్ అక్కడికక్కడే పోయాడు.

సంఘం తరఫున సంతాప సభ పెట్టారు. భీమేశ్వరరావు గారు మైకు పట్టుకుని, విధి బలీయమైనది, మనం నిమిత్తమాత్రులం అన్నారు. అక్కడితో ఆపి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు. పాషాని మాత్రం ఏమనగలం, పాపం, ఓవర్‌టైములు చేసి చేసి కన్నంటుకుపోయి ఉంటుంది అని కూడా అన్నారు. ఎంత జాలిగా అన్నారో. ఆ జాలి సాయంత్రానికల్లా ఫోన్లలో జగిత్యాల దాకా పోయింది. పరమేశ్ భార్య చంద్రవ్వకి తెలిసిందల్లా ఒక్కటే: డ్రైవరు నిద్రపోయాడు, నా మొగుడు చచ్చిపోయాడు.

పోలీసులు పాషా లైసెన్సు తీసుకున్నారు. కేసు తేలేదాకా దేశం దాటకూడదన్నారు. బస్సు ముక్కు అంత నుజ్జయ్యాక బ్రేకుల సంగతి తేలడం కష్టమని, ఎవరైనా చెబితేనే తెలియాలని అన్నారట.

బస్సు లేదు కాబట్టి తర్వాతి శుక్రవారం వాళ్ల కోసం నా కారేసుకుని క్యాంపుకి వెళ్లాను. ముందు సీట్లో కూర్చున్న లచ్చన్న అప్పుడు చెప్పాడు. బ్రేకులు సరిగా పట్టడం లేదని పాషా ఎన్నోసార్లు సారుకి చెప్పాడు. ఒకసారి లచ్చన్న ఎదురుగానే చెప్పాడు. షట్‌డౌన్ పని, అదే ఫ్యాక్టరీ ఆపి చేసే రిపేర్లు, ఒడిసినాక గ్యారేజీకి పంపుదాం, అందాకా మెల్లగ నడువు అని సార్ అన్నాడు. మరి ఆ మాట నువ్వు వెళ్లి పోలీసులకి ఎందుకు చెప్పలేదని లచ్చన్న మీద విరుచుకుపడ్డాను. చెప్పాడట. ఒకే క్యాంపు వాళ్లు, ఒకే ఊరి వాళ్లు, ఒకరికొకరు అట్లాగే చెబుతారని రాసుకున్నారట.

వెనక సీట్లో పాషా ఉన్నాడు. పాటగాడు కాకపోయినా క్యాంపులో ఒక్కడే కూర్చుంటే పిచ్చెక్కుతుందని లచ్చన్న వెంట తీసుకొచ్చాడు. జైలుకి పంపితే ఏం చేస్తావని నేను తెలివితక్కువగా అడిగాను.

"జైలంటే భయం లేదు మేడమ్. చంద్రవ్వ ఫోన్ ఎత్తుతలేదు. నేను నిద్రవోయి సంపిన అనుకుంటుంది. గామెకు ఒక్కసారి నిజం ఎరుకైతే చాలు. నేను చెప్తె నమ్మది, సార్ చెప్పాలె."

ఆ రోజే భీమేశ్వరరావు గారిని పక్కకి పిలిచి అడిగాను. ఆయన కిరీటం సర్దుకున్నారు. ఇవన్నీ కంపెనీ విషయాలమ్మా, లాయరు చూసుకుంటాడు, మీరు నాటకం సంగతి చూడండి అన్నారు. చూశాను. ఏం చూశానంటే, ఆ సాయంత్రం రిహార్సల్లో ఆఖరి పద్యం చివరి పాదం మారిపోయింది.

"విధియె చేసె నింత వింత యాట" అని పాడి, మోహనలో రాగం తీసి, ఎట్లా ఉంది అన్నట్టు నా వైపు చూశారు.

నేను ఆపమన్నాను. మూడో పాదంలో కడలికిచ్చితి నేనె అంటూ నాలుగో పాదంలో విధి చేసిందంటే ఎట్లా కుదురుతుందండీ అన్నాను. జనం అర్థం చూడరమ్మా, రాగం చూస్తారన్నారు. అసలీ నాటకమంతా ఆ ఒక్క మాట కోసమే రాశానన్నాను. రాజన్నవాడు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటే ప్రజల్లో లోకువైపోడా అన్నారు. తేలిగ్గానా, కొడుకు చచ్చాక ఒప్పుకుంటున్నాడండీ అన్నాను. నా గొంతు లేచింది. వాళ్లావిడ స్వర్ణ గారు కాఫీలు పట్టుకొచ్చి, ఇద్దరి మధ్యా పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు.

ఆ తర్వాత ప్రతి వారం ఇదే గొడవ. నేను దిద్దడం, ఆయన సరేననడం, పాడేటప్పుడు మళ్లీ విధినే పట్టుకోవడం. నాటకం మానేద్దామని ఇంట్లో రోజూ అనేదాన్ని. మా ఆయన మానెయ్యి అనేవారు. అప్పుడు ఆయన మీద కూడా కోపం వచ్చేది. భీమేశ్వరరావు గారు లోపలికి వెళ్లాక లచ్చన్న వాళ్లకి మాత్రం నేను రాసిన పాదమే నేర్పాను. దానివల్ల ఏమవుతుందో నాకూ తెలియదు, ఎవరో ఒకరి నోట సరిగ్గా ఉంటే చాలనిపించింది.

ఇది చాలదన్నట్టు వన్స్‌మోర్ గొడవ ఒకటి. మన పద్యనాటకాల సంగతి మీకు తెలిసిందే. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్లీ పాడతాడు. చచ్చి పడి ఉన్న పాత్ర కూడా లేచి, బట్టలు దులుపుకుని, పద్యం పాడి, మళ్లీ చస్తుంది. నా నాటకంలో అవేమీ కుదరవని మొదటిరోజే చెప్పాను. ఆయన తల ఊపారు. తీరా చూస్తే క్యాంపుల నుంచి జనాన్ని తీసుకురావడానికి బస్సులు మాట్లాడారు, బిర్యానీ చెప్పారు, నా ఆఖరి పద్యానికి గట్టిగా వన్స్‌మోర్ పడాలిరా అని ఫోర్‌మన్లందరికీ కబురు పెట్టారు. తెర లాగే పని పాషాకి ఇచ్చాం. వన్స్‌మోర్ పడుతున్నంతసేపూ తెర దించావంటే ఊరుకోనని పాషాకి నా ఎదురుగానే చెప్పారు. ఎవరిని పట్టుకుని ఏ పని చెబుతున్నారో ఆయనకి స్పృహ ఉందా అని నేను నెత్తి కొట్టుకున్నాను.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పట్టుచీరలు, సెంట్లు. వెనకంతా క్యాంపుల వాళ్లు, స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, శుక్రవారం చొక్కాలతో. నాటకం బాగానే నడిచింది. నిజం చెప్పాలంటే భీమేశ్వరరావు గారు బాగా చేశారు. నేను ఒప్పుకోక తప్పదు, అదే నాకు ఒళ్లుమంట. గోడ కూలింది. పరమేశ్ అరవాల్సిన చోట ఎవ్వరూ అరవలేదు. అతని బదులు ఇంకొకరిని పెట్టనివ్వలేదు లచ్చన్న. ఆ నిశ్శబ్దంలోకి రాజు వచ్చి, పద్యం ఎత్తుకున్నారు.

మూడు పాదాలూ అద్భుతంగా పాడారు. నాలుగోది, నేను భయపడినట్టే, "విధియె చేసె నింత వింత యాట" అన్నారు. వంత పాడేవాళ్లు అందుకున్నారు. వాళ్లు అందుకున్నది వాళ్లకి వచ్చిన పాదం.

"విధిని తిట్టనేల? వేటు నాదె."

రాజు తల తిప్పి చూశారు. సరిచేసుకునే లోపలే వెనక వరసల నుంచి వన్స్‌మోర్ అని కేక. ఆయన ఏర్పాటు చేసుకున్న కేకే. చేసేది లేక మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి విధిని గట్టిగా పట్టుకుని, రాగం సాగదీశారు. ఆయన ఊపిరి తీసుకున్న చోట లచ్చన్న మనుషులు అందుకున్నారు. వేటు నాదె. మళ్లీ వన్స్‌మోర్. అప్పటికి వెనక జనంలో కొందరు వంతతో గొంతు కలిపారు. ఆ బస్సులో దెబ్బలు తిన్నవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లు దేనికి అరుస్తున్నారో, పద్యానికో పరమేశ్‌కో, నేను చెప్పలేను. ముందు వరసల వాళ్లు మాత్రం ఎంత గొప్పగా ఉందో అన్నట్టు చప్పట్లు కొడుతున్నారు.

రాజు వేళ్లతో చిన్నగా సైగ చేశారు, తెర దించమని. నేను పక్కతెర వెనక పాషాకి దగ్గర్లోనే ఉన్నాను. నేనూ దించేయమన్నాను. ఎంత కోపమున్నా, ఒక పెద్దమనిషి అట్లా నిలబడిపోతే చూడలేకపోయాను.

పాషా తాడు వదల్లేదు. "వన్స్‌మోర్ వడుతుంది మేడమ్. దించద్దని సారే చెప్పిండు" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు, కసి లేదు. మీ కారు ఎక్కడ పెట్టాలి మేడమ్ అని అడిగినట్టే అన్నాడు.

భీమేశ్వరరావు గారు పాషా వైపు చూశారు. ఇంతకాలంలో ఆయన అతన్ని సూటిగా చూడటం అదే మొదటిసారి. తర్వాత పద్యం ఎత్తుకున్నారు. రాగం లేదు. చెప్ప రాగ నవ్వి, చెవులు మూసి అన్నచోట గొంతు ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి, ఆఖరి పాదాన్ని మాట్లాడినట్టు చెప్పారు. "విధిని తిట్టనేల. వేటు నాదె." వంత పాడేవాళ్లు ఈసారి అందుకోలేదు. జనం అరవలేదు. అప్పుడు పాషా తెర దించాడు.

మేకప్ గదిలో దండలు, సెల్ఫీలు, జన్మ ధన్యమైంది సార్ అన్న పొగడ్తలు. అందరూ వెళ్లాక ఆయన అద్దం ముందు కూర్చుని ఉన్నారు. చెమటకి రంగు కారి మెడ దాకా వచ్చింది. ఆదివారం వెళ్లి ఇదే మాట అక్కడ పోలీసులకి చెబుతారా అని అడిగాను.

"అక్కడ కిరీటం ఉండదు కదమ్మా" అన్నారు.

ఇంతకాలం పళ్ల బిగువున ఆపుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. అయితే పెట్టుకునే రండి, నా కారులో తీసుకెళతాను, దారిలో ఎవరైనా నవ్వితే నేను చెప్పుకుంటాను అన్నాను. రాజు కాబట్టి ఒప్పుకున్నారా, మనిషిగా ఒప్పుకోవడానికి మీకు ఇంకెంత మంది చావాలి అని కూడా అన్నాను. తప్పే అన్నానేమో. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

వస్తారని నాకు నమ్మకం లేదు. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి, ఆదివారం పొద్దున ట్రాఫిక్ పోలీసు ఆఫీసు బయట నేను, పాషా, లచ్చన్న నిలబడి ఉంటే, ఆయన ఒక్కరే కారు దిగారు. కిరీటం లేదు. జుట్టుకి రంగు వేసుకోవడం కూడా మరిచిపోయినట్టున్నారు. లాయరు వద్దన్నాడమ్మా అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లారు. చాలాసేపటికి బయటికొచ్చి, చెప్పేశాను, ఇక కేసు కంపెనీ మీదికి వస్తుంది, పాషా మీద ఉండదట అన్నారు. ఏదో పెద్ద బరువు దింపుకున్నవాడిలా నిట్టూర్చి, కారు తాళాలు తీశారు.

పాషా దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"చంద్రవ్వకు చెప్పుండ్రి సార్."

పోలీసులకి చెప్పడం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. సాయంత్రం చేస్తానన్నారు. లాయర్ని అడిగి చేస్తానన్నారు. ఆడమనిషి, ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది, మళ్లీ గుర్తు చేయడం ఎందుకు అన్నారు. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. లచ్చన్న ఏమీ అనకుండా తన ఫోనులో నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఆయన చేతికిచ్చాడు.

లచ్చన్న నంబరు కాబట్టి చంద్రవ్వ ఎత్తింది. భీమేశ్వరరావు గారు తన పేరు చెప్పి, అలవాటుగా, "అమ్మా, విధి..." అన్నారు. అన్నాక ఆగారు. ఎండ నడినెత్తిన ఉంది.

"పాషా నిద్రపోలేదమ్మా. బ్రేకులు బాగాలేవని అతను నాకు ముందే చెప్పాడు. నేనే నడపమన్నాను."

లైను కట్ అయిందేమోనని లచ్చన్న తొంగి చూశాడు. కాలేదు. అవతల ఎక్కడో కోడి కూసింది, ఎవరో బిందె దించారు.

"పాషన్న పక్కకున్నడా?" అంది చంద్రవ్వ.

పాషా ఫోను అందుకున్నాడు. ఆమే మాట్లాడింది.

"అన్నా, ఆయన దగ్గర ఆఖరుకు నువ్వే ఉన్నవు. నిన్ను అడుగుదామంటె ఇన్నొద్దులు మనసొప్పలే. ముందటి రాత్రి ఫోన్ల నేను ఆయనను మస్తు తిట్టిన. మనసు నొచ్చుకోని వోయిండా?"

"యాడిది చంద్రవ్వా" అన్నాడు పాషా. "బస్సెక్కినకాడికెల్లి అదే ముచ్చట. మావోళ్లు రాత్రి మంచిగ తిట్టిండ్రు పాషా, తిట్టినంక హాయిగ నిద్రవట్టింది అన్నడు. నవ్వుకుంటనే ఉన్నడు. ఆఖరి దాక నవ్వుకుంటనే ఉన్నడు."

అప్పుడామె ఏడ్చింది. పాషా స్పీకరు తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని, గోడ నీడ ఉన్న వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె ఇంకేదో అడుగుతోంది, అతను చేతులు కదిలిస్తూ చెబుతున్నాడు. బస్సులో పరమేశ్ ఎట్లా కూర్చునేవాడో, ఏం తినేవాడో, అన్నీ చెబుతున్నట్టున్నాడు. లచ్చన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని అటు తిరిగాడు.

భీమేశ్వరరావు గారు కారు తలుపు పట్టుకుని పాషా వైపే చూస్తూ ఉన్నారు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"నా గురించి ఏమైనా అందామ్మా?"

"లేదండీ" అన్నాను. "మీ మాటే రాలేదు."